చిన్న మోటారు పడవకు రెండు బ్యాటరీలు: లోడు లెక్క నుంచి చివరి లగ్గు దాకా

పడవలో రెండు బ్యాటరీలు ఉన్నాయి కదా, ఇక టెన్షన్ లేదనుకుని లంగరు వేసిన రోజొకటి నాకు బాగా గుర్తు. సాయంత్రం దాకా ఫిష్ ఫైండర్ నడిచింది, లైట్లు వెలిగాయి, చిన్న ఫ్రిజ్ ఓ మూల గుర్రుమంటూనే ఉంది. తిరుగు ప్రయాణానికి తాళం తిప్పితే సెల్ఫ్ ‘టక్’ మంది, అంతే. రెండో బ్యాటరీ మీదికి మారుద్దామని స్విచ్ దగ్గరికి వెళ్లి చూస్తే, పొద్దుటి నుంచీ అది ‘బోత్’ మీదే ఉంది. రెండూ కలిసికట్టుగా డౌన్ అయ్యాయి. ఎవరో దయతలచి తాడు వేసి ఒడ్డుకు లాక్కొచ్చారు.

ఆ రోజు నుంచి నాది ఒకటే పట్టు. ఇంజిన్ బ్యాటరీని కాపాడే పని మన జ్ఞాపకానికి అప్పగించకూడదు, వైరింగే చూసుకోవాలి. కింద చెప్పే ఏర్పాటంతా ఆ లెక్కన చేసిందే. 12 వోల్టుల సిస్టమ్, ఒక అవుట్‌బోర్డ్ ఇంజిన్, మామూలు లెడ్ యాసిడ్ లేదా ఏజీఎం (నీళ్లు పోయక్కర్లేని, మూసేసిన లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీలు ఉన్న పడవ అనుకుని చెబుతున్నాను.

ఏ బ్యాటరీ ఏ పనికి

ఇంజిన్ స్టార్ట్ చేసే బ్యాటరీలో పలుచటి ప్లేట్లు ఎక్కువగా ఉంటాయి. కొన్ని క్షణాల పాటు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే మళ్లీ ఛార్జ్ అయిపోవడం దాని పని. దాన్ని సగం దాకా వాడుకుంటూ పోతే ప్లేట్లు త్వరగా పాడవుతాయి. లైట్లు, పంపులు, ఎలక్ట్రానిక్స్ నడపడానికి డీప్ సైకిల్ బ్యాటరీ కావాలి. దీని ప్లేట్లు మందం. కొంచెం కొంచెంగా గంటల తరబడి ఇస్తుంది, మళ్లీ మళ్లీ దించినా ఓర్చుకుంటుంది. మొదటిదాన్ని స్టార్ట్ బ్యాటరీ అని, రెండోదాన్ని హౌస్ బ్యాటరీ అని పిలుద్దాం.

స్టార్ట్ బ్యాటరీ కొనేటప్పుడు ఇంజిన్ మాన్యువల్‌లో రాసిన సీసీఏ లేదా ఎంసీఏ అంకె చూసుకోండి. చలిలో ఇంజిన్ తిప్పడానికి బ్యాటరీ ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకెలివి. సీసీఏ కొలిచేది మైనస్ 18 డిగ్రీల దగ్గర, ఎంసీఏ కొలిచేది 0 డిగ్రీల దగ్గర. అందుకని ఒకే బ్యాటరీకి ఎంసీఏ అంకె పెద్దగా కనిపిస్తుంది. మాన్యువల్ సీసీఏ అడుగుతుంటే లేబుల్ మీద ఎంసీఏ చూసి సరిపోయిందనుకోవడం చాలామంది చేసే పొరపాటు.

హౌస్ బ్యాటరీ ఎంత పెద్దది కావాలి

ఒక కాగితం తీసుకుని పడవలో కరెంటు తాగే ప్రతిదీ రాయండి. ఎన్ని ఆంప్స్, రోజుకు ఎన్ని గంటలు అనేవి పక్కన వేసి గుణించండి. ఎనిమిది గంటలు నీటి మీద ఉండే మామూలు రోజు ఇలా ఉంటుంది: ఫిష్ ఫైండర్ 1.5 ఆంప్స్ చొప్పున 12 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఆంప్స్‌ను గంటలతో గుణిస్తే వచ్చేది). వీహెచ్ఎఫ్ రేడియో వింటూ ఉంటే 0.4 ఆంప్స్ చొప్పున 3, మాట్లాడేటప్పుడు 5 ఆంప్స్ దాకా లాగుతుంది కానీ ఆ కాసేపటికి 1 చాలు. చేపల తొట్టి పంపు 3 ఆంప్స్, సగం సమయం తిరిగితే 12. ఎల్ఈడీ నావిగేషన్ లైట్లు మూడు గంటలకు 3. అడుగున చేరిన నీళ్లు తోడే బిల్జ్ పంపు పావుగంటకు 1. ఫోన్ల ఛార్జింగుకు 3. మొత్తం 35 ఏహెచ్.

లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కాబట్టి దాన్ని రెట్టింపు చేస్తే 70. బ్యాటరీ పాతబడేకొద్దీ తగ్గేదానికి ఇంకో పాతిక శాతం కలిపితే 90 దగ్గర తేలుతుంది. కాబట్టి 100 ఏహెచ్ తీసుకోవాలి. ఫ్రిజ్ పెట్టాలని ఉంటే లెక్క మళ్లీ మొదటి నుంచి వేయండి. 4 ఆంప్స్ లాగే ఫ్రిజ్ సగం సమయం తిరిగినా ఎనిమిది గంటల్లో 16 ఏహెచ్ తింటుంది, అప్పుడు 100 చాలదు.

ఇక్కడితో ఆపేస్తారు చాలామంది. తీసిన 35 ఏహెచ్ తిరిగి ఎక్కడి నుంచి వస్తుందో కూడా చూడాలి. ఇంజిన్ లేబుల్ మీద ఛార్జింగ్ 18 ఆంప్స్ అని రాసి ఉంటే, అది పూర్తి వేగంలో వచ్చే అంకె. ఐడిల్‌లో అందులో కొంత భాగమే వస్తుంది. అందులోంచి ఇంజిన్ తన ఇగ్నిషన్‌కు, ఫ్యూయల్ పంపుకు కొంత వాడుకుంటుంది. పైగా లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండేకొద్దీ కరెంటు తీసుకోవడం తగ్గిస్తుంది, చివరి 20 శాతం గంటల తరబడి సాగుతుంది. అరగంట నడిపి ఒడ్డుకు చేరితే బ్యాటరీ నిండిపోయిందనుకోవడం మన ఆశ మాత్రమే. ఒడ్డున కరెంటు దొరికే వాళ్లు రెండు బ్యాటరీలకు వేర్వేరు అవుట్‌పుట్లున్న మెరైన్ ఛార్జర్ పెట్టుకోండి, దొరకని వాళ్లు చిన్న సోలార్ ప్యానెల్, కంట్రోలర్ పెట్టుకోండి. ఇంకా పెద్ద బ్యాటరీ కొనడం కంటే ఆ డబ్బు ఇక్కడ పెట్టడమే మేలని నా అభిప్రాయం.

రెండూ ఒకే రకం బ్యాటరీలైతే మంచిది. ఏజీఎంకు, నీళ్లు పోసే బ్యాటరీకి ఛార్జింగ్ వోల్టేజీ కొద్దిగా తేడా ఉంటుంది. హౌస్ బ్యాటరీగా లిథియం పెట్టాలనుకుంటే మాత్రం కింద చెప్పే రిలే (ఇంజిన్ నడిచేటప్పుడే రెండు బ్యాటరీలనూ తనంతట తనే కలిపే స్విచ్) పద్ధతి పనికిరాదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడే 13.2, 13.3 వోల్టులు చూపిస్తుంది. దాంతో ఇంజిన్ నడుస్తోందో ఆగిందో రిలేకు సరిగా తెలియదు. ఖాళీగా ఉన్నప్పుడు అది ఆబగా కరెంటు లాగి ఇంజిన్ ఛార్జింగ్ కాయిల్‌ను వేడెక్కిస్తుంది. అలాంటి వాళ్లు మధ్యలో డీసీ టు డీసీ ఛార్జర్ (ఇంజిన్ వైపు నుంచి వచ్చే కరెంటును అదుపులో పెట్టి లిథియానికి తగ్గట్టు ఇచ్చేది) పెట్టాలి.

ఏ స్విచ్

పాతకాలం నుంచి ఉన్నది ‘1, 2, బోత్, ఆఫ్’ గుండ్రటి స్విచ్. చవక, గట్టిది. కానీ ప్రతిసారీ సరైన చోటికి తిప్పాల్సింది మనమే. నా కథ పైన చెప్పాను కదా.

ఛార్జింగ్ కరెంటును రెండు బ్యాటరీలకూ పంచుతూనే వాటిని ఒకదాంతో ఒకటి కలవనివ్వనిది డయోడ్ ఐసొలేటర్. దీనికి మనిషి అక్కర్లేదు కానీ, మామూలు డయోడ్ దగ్గర సుమారు 0.7 వోల్టు పోతుంది. 14.4 రావాల్సిన చోట 13.7 వస్తే బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు.

నేను పెట్టుకున్నది, పెట్టుకోమని చెప్పేది మూడోది: ‘ఆఫ్, ఆన్, కంబైన్’ అనే డ్యూయల్ సర్క్యూట్ స్విచ్, దానికి తోడు వోల్టేజీని చూసి కలిపే వీఎస్ఆర్ రిలే. స్విచ్ ‘ఆన్’లో ఉంటే స్టార్ట్ బ్యాటరీ ఇంజిన్‌కు, హౌస్ బ్యాటరీ మిగతా సామాన్లకు. రెండు దారులూ కలవవు. ‘కంబైన్’కు తిప్పితేనే కలుస్తాయి. ఇంజిన్ నడిచి స్టార్ట్ బ్యాటరీ వోల్టేజీ 13.3 నుంచి 13.7 మధ్యకు చేరాక రిలే ‘టక్’ మని రెండు బ్యాటరీలనూ కలుపుతుంది, రెండూ ఛార్జ్ అవుతాయి. ఇంజిన్ ఆపాక వోల్టేజీ 12.8 చుట్టుపక్కలకు దిగగానే విడదీస్తుంది. కచ్చితమైన అంకెలు కంపెనీని బట్టి మారతాయి, మీ రిలే కాగితంలో చూడండి. రెండు వైపులా వోల్టేజీ చూసే రకం దొరికితే అదే తీసుకోండి. ఒడ్డున ఏ ఒక్క బ్యాటరీకి ఛార్జర్ తగిలించినా రెండోదానికీ అందుతుంది.

కొన్ని పెద్ద ఇంజిన్లకు రెండో బ్యాటరీ కోసం విడిగా ఒక ఛార్జింగ్ తీగ కంపెనీవాళ్లే ఇస్తారు. మీ ఇంజిన్‌కు ఉంటే దాన్ని ఫ్యూజ్ ద్వారా హౌస్ బ్యాటరీకి ఇచ్చేయండి, రిలే అక్కర్లేదు.

పెట్రోల్ ఇంజిన్ ఉన్న పడవలో స్విచ్ గానీ రిలే గానీ కొనేముందు దాని మీద ‘ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్’ అని ఉందో లేదో చూడాలి. లోపల పుట్టే నిప్పురవ్వ బయటి పెట్రోల్ ఆవిరికి అంటుకోకుండా కట్టిన సామాను అది. కార్ల కోసం అమ్మే రిలే చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది, పెట్టకండి.

బ్యాటరీలు ఎక్కడ పెట్టాలి

100 ఏహెచ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ పాతిక నుంచి ముప్ఫై కిలోలు తూగుతుంది. ఇంజిన్, పెట్రోల్ ట్యాంకు, ఇద్దరు మనుషులు ఇప్పటికే వెనకవైపు ఉన్న చిన్న పడవలో దీన్ని కూడా వెనకే పెడితే పడవ తోక నీళ్లలోకి దిగుతుంది. స్టార్ట్ బ్యాటరీని ఇంజిన్ దగ్గరే ఉంచి, హౌస్ బ్యాటరీని మధ్యలో, వీలైనంత కిందికి, పడవ పొడవునా సాగే మధ్యగీతకు దగ్గరగా పెట్టండి. బిల్జ్ నీళ్లు అందే ఎత్తులో మాత్రం వద్దు.

ఛార్జింగులో నీళ్ల బ్యాటరీల నుంచి హైడ్రోజన్ వస్తుంది, అది పైకి పోయే దారి ఉండాలి. పెట్రోల్ ట్యాంకు ఉన్న మూసిన అరలో పెట్టొద్దు. ట్రే, బెల్టు తప్పనిసరి. కట్టాక బ్యాటరీని రెండు చేతులా పట్టుకుని బలంగా ఊపండి. అంగుళం కంటే ఎక్కువ కదలకూడదని అమెరికాలో పడవలకు ప్రమాణాలు రాసే ఏబీవైసీ సంస్థ చెబుతుంది. నేనైతే అసలు కదలనివ్వను. అలల మీద పడవ ఎగిరిపడినప్పుడు ముప్ఫై కిలోలు ఎంత ఊపుతో వస్తాయో ఒకసారి చూశాక ఆ అంగుళం కూడా ఎక్కువే అనిపిస్తుంది.

కేబుళ్లు, లగ్గులు, ఫ్యూజులు

సగం సమస్యలు ఇక్కడే పుడతాయి, కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

కేబుల్ మందం ఎంతో ఒక చిన్న లెక్కతో తేలుతుంది. రాగికి: 0.0175ను పోనూ రానూ మొత్తం పొడవు మీటర్లతో, ఆంప్స్‌తో గుణించి, కేబుల్ చదరపు మిల్లీమీటర్లతో భాగించండి. వచ్చేది పోగొట్టుకునే వోల్టులు. బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు 3 మీటర్లు, అంటే పోనూ రానూ 6. సెల్ఫ్ 150 ఆంప్స్ లాగుతుందనుకుంటే 35 చదరపు మిల్లీమీటర్ల కేబుల్‌లో 0.45 వోల్టు పోతుంది, 16 కేబుల్‌లో దాదాపు 1 వోల్టు. తిరిగేటప్పుడు బ్యాటరీ దగ్గరే 11 ఉంటే, రెండో కేసులో ఇంజిన్‌కు చేరేది 10. కొత్త ఇంజిన్ల కంప్యూటర్లు ఆ వోల్టేజీకి మొరాయిస్తాయి. చిన్న సామాన్లకూ ఇదే సూత్రం. నావిగేషన్ లైట్ల వంటి ముఖ్యమైన వాటికి 3 శాతం, అంటే 0.36 వోల్టు కంటే ఎక్కువ పోనివ్వకండి. మిగతావాటికి 10 శాతం దాకా పర్వాలేదు.

కేబుల్ తగరం పూత పూసిన సన్నపోగుల రాగిది కావాలి. పూత లేని రాగి ఉప్పుగాలికి ఇన్సులేషన్ లోపల దాకా నల్లబడుతుంది. పాత పడవలో ఒక లగ్గు (బోల్టుకు బిగించడానికి కేబుల్ చివర ఎక్కించే, రంధ్రమున్న రాగి ముక్క) కోసి, రెండంగుళాలు ఒలిచి చూడండి. పోగులు మెరుస్తుంటే సరే. నల్లగా, గోటితో గీస్తే పొడి రాలేలా ఉంటే ఇంకాస్త కోయాలి, ఎంత కోసినా నలుపే వస్తుంటే ఆ కేబుల్ తీసి పారేయాలి.

లగ్గు ఎక్కించే పద్ధతి ఇది. లగ్గు గొట్టం లోతు ఎంతో అంతే ఇన్సులేషన్ ఒలవండి. పోగులు ఒక్కటీ తెగకూడదు. అంటుకునే జిగురు లోపల ఉన్న హీట్ ష్రింక్ ట్యూబు ముక్కను ముందే కేబుల్‌కు ఎక్కించండి, ఇది మర్చిపోయి తిట్టుకోని వాళ్లుండరు. పోగులను మెలితిప్పి లగ్గులోకి అడుగంటా తోసి, సరైన సైజు డై ఉన్న క్రింపింగ్ టూలుతో నొక్కండి. సుత్తితో కొట్టిన లగ్గు పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పోగుల మధ్య ఖాళీలుంటాయి. తర్వాత లగ్గును వైస్‌లో బిగించి కేబుల్‌ను గట్టిగా లాగండి. రాకపోతే ట్యూబును జరిపి వేడి చేయండి. రెండు అంచుల నుంచీ జిగురు సన్నటి ఉంగరంలా బయటికి ఉబికితే నీళ్లు లోపలికి పోవని నమ్మకం. సోల్డరు మీద మాత్రమే ఆధారపడొద్దు. సోల్డరు ఎక్కిన చోట కేబుల్ కర్రలా బిగుసుకుని, కుదుపులకు ఆ అంచు దగ్గరే విరుగుతుంది.

ఫ్యూజ్ కాపాడేది కేబుల్‌ను, సామాన్లను కాదు. కాబట్టి కేబుల్ మోయగలిగిన కరెంటుకు లోపు ఉండాలి, బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. ఏబీవైసీ చెప్పే దూరం 7 అంగుళాలు, అంటే 18 సెంటీమీటర్లు. తొడుగు వేసిన కేబుళ్లకు ఇంకొంత వెసులుబాటు ఉంది. సెల్ఫ్ కేబుల్‌కు మినహాయింపు ఉంది. రిలే కేబుల్‌కు రెండు చివర్లా ఫ్యూజ్ కావాలి. ఎందుకంటే దానికి రెండు చివర్లా బ్యాటరీలే ఉన్నాయి, మధ్యలో ఒరుసుకుపోతే రెండు వైపుల నుంచీ కరెంటు దూకుతుంది. అవుట్‌బోర్డ్ చిన్న పడవల్లో రిలేకు 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్, చెరోవైపు 80 ఆంప్స్ ఫ్యూజ్ నేను వాడేది.

కనెక్షన్లు, వరసగా

1. ఒడ్డు ఛార్జర్ తీసేయండి, ఉంగరం, గడియారం కూడా తీసేయండి. పాత బ్యాటరీ ఫొటో తీసి ప్రతి తీగకూ చీటీ అంటించండి. ముందు మైనస్, తర్వాత ప్లస్ ఊడదీయండి. మైనస్ ఉండగా ప్లస్ విప్పుతుంటే స్పానర్ ఇంజిన్ ఇనుముకు తగిలిన మరుక్షణం మెరుపులే.

2. బ్యాటరీలు, స్విచ్, రిలే, ఫ్యూజ్ హోల్డర్లు, మైనస్ బస్‌బార్ (మైనస్ తీగలన్నీ ఒకచోట కలిసే లోహపు పట్టీ) బిగించేయండి. కేబుళ్లు కొలిచి కోయడం ఆ తర్వాతే.

3. రెండు బ్యాటరీల మైనస్‌లను సెల్ఫ్ కేబుల్ అంత మందం ఉన్న కేబుల్‌తో కలపండి. ప్రస్తుతం ఒక చివర వదిలేసి ఉంచండి. ఈ కేబుల్ సన్నగా పెడితే ‘కంబైన్’ చేసినప్పుడు సెల్ఫ్ తిరగదు, కారణమేంటో గంటల తరబడి దొరకదు.

4. స్టార్ట్ బ్యాటరీ ప్లస్ స్విచ్ మొదటి ఇన్‌పుట్‌కు, హౌస్ ప్లస్ రెండో ఇన్‌పుట్‌కు. మొదటి అవుట్‌పుట్ నుంచి ఇంజిన్‌కు, రెండో అవుట్‌పుట్ నుంచి ఫ్యూజ్ ద్వారా సామాన్ల స్విచ్‌లుండే ప్యానెల్‌కు. హౌస్ బ్యాటరీ నుంచి స్విచ్‌కు వచ్చే కేబుల్ అవసరమైనప్పుడు సెల్ఫ్ కరెంటు మోయాలి. అక్కడ ఫ్యూజ్ పెడితే అంత కరెంటు తట్టుకునేది పెట్టండి.

5. రిలేను స్విచ్ ఇన్‌పుట్ బోల్టుల మధ్య, అంటే బ్యాటరీల వైపు కలపండి. అప్పుడు స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఒడ్డు ఛార్జర్ నుంచి ఛార్జింగ్ రెండింటికీ అందుతుంది. రిలే నుంచి వచ్చే సన్నటి నల్ల తీగ మైనస్ బస్‌బార్‌కు.

6. స్విచ్‌తో పని లేకుండా నేరుగా బ్యాటరీకి వెళ్లాల్సినవి ఉంటాయి: బిల్జ్ పంపు ఫ్లోట్ స్విచ్, ఛార్జర్ తీగలు. ఒక్కోదానికి ఒక్కో ఫ్యూజ్. మీరు పడవ కట్టేసి ఇంటికెళ్లాక వాన పడితే నీళ్లు తోడేది ఆ ఫ్లోట్ స్విచ్చే, దాన్ని ప్యానెల్ వెనక దాచేయకండి.

7. పాత బ్యాటరీ ప్లస్ మీద కాకి గూడులా చేరిన సన్న తీగలన్నీ ప్యానెల్‌కు మార్చండి. అందులో ఒక్కటి స్టార్ట్ బ్యాటరీ మీద మిగిలినా చేసిన పనంతా వృథా. ఇంజిన్‌కు సంబంధించిన తీగలు మాత్రం స్టార్ట్ వైపే ఉండాలి.

8. ఒక్కో బోల్టుకు నాలుగు లగ్గులు మించకుండా, పెద్దది అడుగున, చిన్నది పైన. చేత్తో తిప్పే రెక్కల నట్లు కుదుపులకు వదులవుతాయి, స్పానర్ నట్లు వేయండి. ప్లస్ టెర్మినళ్లకు రబ్బరు టోపీలు. ముందు ప్లస్‌లు, అన్నిటికన్నా చివర మైనస్.

మల్టీమీటరు పట్టుకుని

స్విచ్ ఆఫ్‌లో ఉంచి రెండు బ్యాటరీల వోల్టేజీ కొలవండి. ఛార్జ్ తీసేసి కొన్ని గంటలు ఊరుకున్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 చూపిస్తే నిండినట్టు, 12.2 అంటే సుమారు సగం, 12.0 అంటే పావు వంతుకు దిగినట్టు. స్విచ్ ‘ఆన్’ చేసి ప్యానెల్ మీద అన్నీ వేయండి. హౌస్ వోల్టేజీ కాస్త దిగాలి, స్టార్ట్ వోల్టేజీ ఇంచు కూడా కదలకూడదు. కదిలితే ఏదో తీగ ఇంకా తప్పు వైపు ఉంది.

ఇంజిన్ వేసి ఐడిల్ కంటే కొంచెం పైకి పెట్టి హౌస్ బ్యాటరీ మీద మీటరు ఉంచండి. ఒకట్రెండు నిమిషాల్లో రిలే టక్కుమంటుంది, 12.5 దగ్గరున్న అంకె ఒక్కసారిగా 13 దాటుతుంది. హౌస్ బాగా ఖాళీగా ఉంటే కలవగానే వోల్టేజీ కిందికి లాగి రిలే మళ్లీ విడిపోవచ్చు, కాసేపు అలా కలుస్తూ విడిపోతూ ఉంటుంది. పది నిమిషాలైనా అదే తంతు అయితే లగ్గులు, మైనస్ కేబుల్ చూడండి. ఇంజిన్ నడుస్తుండగా స్విచ్ ఎప్పుడూ ‘ఆఫ్’ చేయకండి. కరెంటు పోయే దారి లేక వోల్టేజీ ఎగిసి రెగ్యులేటరు కాలుతుంది.

తర్వాత ఎవరినైనా తాళం తిప్పమని, ఒక ప్రోబ్ బ్యాటరీ ప్లస్ మీద, రెండోది సెల్ఫ్ మోటారు బోల్టు మీద పెట్టండి. తిరిగేటప్పుడు 0.5 వోల్టు కంటే తక్కువ చూపాలి. మైనస్ వైపూ అంతే. ఎక్కువ వస్తే ప్రోబ్‌ను ఒక్కో లగ్గుకు జరుపుతూ పోండి, అంకె ఎక్కడ దూకితే దోషం అక్కడుంది.

చివరగా ‘కంబైన్’ పరీక్ష. స్టార్ట్ బ్యాటరీ ప్లస్ ఊడదీసి, లగ్గు దేనికీ తగలకుండా గుడ్డ చుట్టి, స్విచ్ ‘కంబైన్’ మీద పెట్టి స్టార్ట్ చేయండి. హౌస్ ఒక్కటే ఇంజిన్‌ను లేపాలి. ఇంజిన్ ఆపాకే ఆ లగ్గు మళ్లీ బిగించండి. నీటి మీద కూడా ఇది గుర్తుంటే మంచిది. స్టార్ట్ బ్యాటరీలో ఒక సెల్ షార్ట్ అయితే అది హౌస్‌నూ కిందికి లాగేస్తుంది, అప్పుడు దాని ప్లస్ ఊడదీశాకే ‘కంబైన్’ చేయాలి. అందుకే ఆ నట్టుకు సరిపోయే స్పానర్ ఒకటి బ్యాటరీ పెట్టె పక్కనే తాడుతో కట్టి ఉంచాను.

ఆ తర్వాత నెలకోసారి చూస్తే చాలు: నట్లు బిగువు, లగ్గుల మీద పచ్చటి చిలుము, నీళ్ల బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మట్టం. చిలుము గీకి వ్యాసలిన్ పలుచగా పూస్తాను, నట్టు బిగించాకే. వైరింగ్ బొమ్మ కాగితం మీద గీసి, ఫ్యూజ్ సైజులు వేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి పెట్టె మూత లోపలివైపు అంటించాను. స్విచ్ మీద ‘కంబైన్’ అన్న చోట ఎర్ర పెయింటుతో రాసింది మాత్రం నా చేతి రాతే: ‘స్టార్ట్ కాకపోతేనే’.